అసలు చుక్కలు, చదును మ్యాప్: తరచుగా అడిగే ప్రశ్నలు

సంక్రాంతి సెలవుల్లో మా అరుగు మీద ఆరడుగుల ఫ్లెక్సీ పరిచి, చింతపిక్కలే నౌకలుగా మేం ఒక అంతరిక్ష యుద్ధం ఆడాం. ఆటలో రాజ్యాలు కల్పితమే గానీ చుక్కలు మాత్రం నిజం. సూర్యుడికి అన్ని వైపులా ఇరవై కాంతి సంవత్సరాల లోపు ఉన్నవాటిలోంచి ఏరుకున్నాం. ఆడిన పిల్లలు, సొంతంగా ఇలాంటిదే చేస్తామంటున్న ఇంజనీరింగ్ కుర్రాళ్ళు, ఆడకుండా పక్కన కూర్చుని తప్పులు పట్టిన పెద్దలు అప్పట్నుంచీ తిప్పి తిప్పి ఇవే అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను.

కాగితం మీద నాలుగు చుక్కలు పెట్టడానికి ఇంత రాద్ధాంతం ఎందుకండీ?

నాలుగు కొబ్బరికాయలు తీసుకోండి. కోనసీమలో వాటికి కొరత లేదు. గుండ్రంగా ఉన్నవి, ఒకే సైజువి ఏరండి. మూడింటిని నేల మీద ఒకదానికొకటి తగిలేలా పెట్టి, నాలుగోదాన్ని వాటి నడుమ పైన కూర్చోబెట్టండి. ఇప్పుడు ఏ కాయ అయినా మిగతా మూడింటికీ తగులుతోంది. అంటే నాలుగూ ఒకదానికొకటి సమాన దూరంలో ఉన్నాయి. ఇక పైకాయను కిందకి దించి, నేల మీదే నాలుగూ అలా తగిలేలా పెట్టి చూపించండి. మా తమ్ముడు పావుగంట ప్రయత్నించాడు. ఎలా తిప్పినా ఏవో రెండు కాయలు ఎడంగానే ఉంటాయి.

చుక్కలతో వచ్చిన చిక్కంతా అదే. అవి పైనా కిందా పక్కనా అన్ని వైపులా ఉన్నాయి. కాగితానికి పైనా కిందా లేవు.

ఇంకోటి చూడండి. ఒక రూపాయి బిళ్ళ చుట్టూ దానికి తగిలేలా అదే సైజు బిళ్ళలు ఆరు పడతాయి. బంతి చుట్టూ అదే సైజు బంతులు పన్నెండు పడతాయి. పన్నెండా పదమూడా అని 1694లో న్యూటన్‌కీ, డేవిడ్ గ్రెగరీ అనే గణితవేత్తకీ వాదన నడిచింది. పన్నెండేనని గణితంలో తేలడానికి 1953 దాకా పట్టింది. ఆరు పలకల గళ్ళున్న మ్యాప్ వాడితే ఒక చుక్కకి ఆరుగురికి మించి పొరుగువాళ్ళు ఉండరు. నిజం ఆకాశంలో అంతకు రెట్టింపు మందికి చోటుంది.

గుండ్రటి భూమిని అట్లాసులో చదునుగా వెయ్యట్లేదా?

వేస్తున్నారు, తప్పులతోనే. గోళాన్ని సాగదీయకుండా కాగితం మీద పరచడం కుదరదని గౌస్ 1827లోనే నిరూపించాడు. అయినా అక్కడ చదును చేసేది భూమి పైతొక్కనే. ఇక్కడ కాయంతటినీ చదును చెయ్యాలి.

చుక్కల లెక్కలు ఎక్కడ దొరుకుతాయి?

హెచ్‌వైజి అని ఒక ఉచిత డేటాబేస్ ఉంది. హిప్పార్కస్ ఉపగ్రహం కొలతల్నీ, యేల్, గ్లీజ్ జాబితాలనీ కలిపి చేశారు. లక్షా ఇరవై వేలకు కాస్త అటూ ఇటూగా చుక్కలుంటాయి. ఇంటి ఆటకి ధారాళంగా సరిపోతుంది. అందులో దూరాలు పార్సెక్కుల్లో ఉంటాయి, 3.26తో గుణిస్తే కాంతి సంవత్సరాలు వస్తాయి. అంతకంటే చాలా పెద్దది గయా అనే ఉపగ్రహం జాబితా. 2013లో పంపారు, 2022లో విడుదల చేసిన జాబితాలో సుమారు 180 కోట్ల చుక్కలున్నాయి. కానీ మరీ కాంతివంతమైనవి దాని కంటికి ఆనలేదు. సిరియస్ కోసం గయాలో వెతికి దొరకలేదని టెన్షన్ పడకండి, దాన్ని పాత జాబితాలోంచి తెచ్చుకోవాలి.

జాబితాలో ప్రతి చుక్కకీ మూడు అంకెలు చూసుకోండి. రైట్ అసెన్షన్ అంటే ఆకాశంలో రేఖాంశం లాంటిది. డెక్లినేషన్ అంటే అక్షాంశం లాంటిది, మన పంచాంగాల్లో క్రాంతి అనేది ఇదే. మూడోది దూరం. రైట్ అసెన్షన్ గంటల్లో ఉంటే 15తో గుణించి డిగ్రీలు చెయ్యాలి. దూరాన్ని డెక్లినేషన్ సైన్‌తో గుణిస్తే ఎత్తు, అంటే జెడ్. కొసైన్‌తో గుణిస్తే చదును మీద సూర్యుడికి ఎంత ఎడమో వస్తుంది. ఆ ఎడాన్ని మళ్ళీ రైట్ అసెన్షన్ కొసైన్‌తో గుణిస్తే ఎక్స్, సైన్‌తో గుణిస్తే వై.

సిరియస్‌ని చేసి చూద్దాం. దూరం 8.6 కాంతి సంవత్సరాలు, రైట్ అసెన్షన్ 6 గంటల 45 నిమిషాలు, డెక్లినేషన్ మైనస్ 16.7 డిగ్రీలు. ఎక్స్ మైనస్ 1.6, వై 8.1, జెడ్ మైనస్ 2.5 వస్తాయి. ప్రోసియాన్‌కి ఇలాగే చేస్తే మైనస్ 4.8, 10.4, 1.0. తేడాల వర్గాలు కూడి వర్గమూలం తీస్తే రెండింటి మధ్య దూరం సుమారు 5.3. మీకూ అంతే వస్తే మీ ఎక్సెల్ షీటు సవ్యంగా ఉన్నట్టే.

మొదటి ఫ్లెక్సీ పాడైందట, నిజమేనా?

నిజమే, తప్పు నాదే. డిగ్రీలు ఒక కాలమ్‌లో, నిమిషాలు ఇంకో కాలమ్‌లో పెట్టుకుని కలిపేటప్పుడు మైనస్ గుర్తు ఎగిరిపోయింది. దక్షిణాన ఉన్న చుక్కలన్నీ ఉత్తరానికి దూకాయి. తమాషా ఏంటంటే మ్యాప్ చూస్తే ఆ తప్పు కనిపించదు. పైనుంచి చూసే మ్యాప్‌లో ఎత్తు తలకిందులైనా చుక్క అక్కడే ఉంటుంది కదా. దొరికింది గీతల దగ్గర. ఆల్ఫా సెంటారీకీ బర్నార్డ్ చుక్కకీ మధ్య 5.9 కాంతి సంవత్సరాలని నా షీటు చెప్పింది, ఆరు లోపు ఉన్న చుక్కల మధ్యే దారి గీత అన్నది మా ఆట నియమం, కాబట్టి గీసేశాను. అసలు దూరం 6.5. ఫ్లెక్సీ ఇంటికొచ్చాక మా చెల్లెలి కొడుకు కాలిక్యులేటర్ పట్టుకుని, "మావయ్యా, ఇది తప్పు" అన్నాడు. పదో తరగతి వాడు. ఆ ఫ్లెక్సీ ఇప్పుడు ధాన్యం బస్తాల మీద కప్పడానికి పనికొస్తోంది.

గుర్తుని విడిగా పట్టుకుని, అంకెలన్నీ కలిపాక చివర్లో తగిలించండి.

జెడ్‌ని పక్కన పడేసి ఎక్స్, వై మాత్రం గీస్తే సరిపోదా?

చాలామంది చేసేది అదే. మొదటి చూపుకి బాగానే ఉంటుంది కూడా. మూడు జతలు చెబుతాను, మీరే చూడండి.

ఆల్ఫా సెంటారీ మనకి 4.4 కాంతి సంవత్సరాల దూరం. అది బాగా దక్షిణాన, అంటే చాలా కింద ఉంది కాబట్టి జెడ్ తీసేస్తే 2.1 దగ్గరకి వచ్చి కూర్చుంటుంది. దూరం సగానికి సగం తరుగు.

వుల్ఫ్ 359, లాలాండ్ 21185 రెండూ మన దగ్గరి పొరుగు చుక్కలే. మ్యాప్ మీద వాటి మధ్య 1.1. అసలు 4.1. ఆటలో ఆ రెండూ కవలలనుకుని ఒకే చోట సైన్యం పెట్టినవాడు మునిగిపోతాడు.

అన్నిటికంటే ఘోరం ధ్రువ నక్షత్రం. అది 430 కాంతి సంవత్సరాలకి పైనే ఉంది. కానీ మ్యాప్ తలానికి దాదాపు సూటిగా పైన ఉంది కాబట్టి చదును మ్యాప్‌లో సూర్యుడికి ఆరు కాంతి సంవత్సరాల లోపే పడుతుంది, బర్నార్డ్ చుక్క అంత దగ్గరగా. ఇరవై దాటినవాటిని ముందే ఏరేస్తాం కాబట్టి మన ఆటలో ఇది రాదు గానీ, ఏరడం మర్చిపోయి గీసినవాళ్ళ మ్యాప్ ఒకటి నేను చూశాను.

పాలపుంతే పళ్ళెంలా చదునుగా ఉంటుందంటారు. అలాంటప్పుడు చదును మ్యాప్ న్యాయమే కదా?

మంచి ప్రశ్న, సగం నిజం. పాలపుంత అడ్డంగా సుమారు లక్ష కాంతి సంవత్సరాలు. చుక్కలు దట్టంగా ఉన్న పొర మందం వెయ్యి. అంటే వందకి ఒకటి. పెనం మీద అడుగు వెడల్పున మూడు మిల్లీమీటర్ల మందంతో పోసిన అట్టు అనుకోండి. మన దిబ్బరొట్టె మాత్రం కాదు. అట్టంతా ఒక ఆటగా చేస్తే ఎత్తు తీసేసినా పెద్ద పాపం కాదు. పాలపుంత మొత్తాన్ని చూపించే ఆటలు చదునుగా ఉన్నా కళ్ళకి ఎబ్బెట్టుగా లేకపోవడానికి కారణం ఇదే.

కానీ మన ఆట సూర్యుడి చుట్టూ ఇరవై కాంతి సంవత్సరాలే. ఆ అట్టులో ఇది ఒక పిండి రేణువంత. ఆ రేణువు అట్టు మందంలో ఎక్కడో మధ్యన ఇరుక్కుని ఉంది. దానికి పైనా కిందా ఎంత పిండి ఉందో పక్కలా అంతే ఉంది. అట్టు చదునుతో దానికి పని లేదు. అందుకే మన ఎక్స్, వైలు ఉన్న భూమధ్యరేఖ తలం బదులు పాలపుంత తలం మీద గీసినా మన సైజులో ఒరిగేదేమీ లేదు, అబద్ధం ఒక జత నుంచి ఇంకో జతకి మారుతుందంతే.

సూర్యుడి నుంచి దూరాలైనా నిజంగా ఉంచొచ్చా?

ఉంచొచ్చు. డెక్లినేషన్ వదిలేసి, రైట్ అసెన్షన్ దిక్కులో అసలు దూరం కొలిచి పెట్టండి. ఆల్ఫా సెంటారీ సరిగ్గా 4.4 దగ్గర ఉంటుంది. గోడ మీద బొమ్మకి ఇదే అందం. ఆటకి మాత్రం వద్దు. వుల్ఫ్, లాలాండ్ జత ఇందులో 0.5కి దగ్గరవుతుంది, ముందుకంటే అన్యాయం. సూర్యుడి మీద కూర్చున్నవాడికి తప్ప ఎవరికీ పనికిరాని మ్యాప్ ఇది.

ఎత్తు ఎంతో చుక్క పక్కనే అంకె వేస్తే?

1974లో అమెరికాలో వచ్చిన స్టార్‌ఫోర్స్ ఆల్ఫా సెంటారీ అనే బోర్డు ఆటలో చేసింది అదే. నిజం చుక్కలు, గళ్ళ మ్యాప్, పక్కన ఎత్తు అంకె. నిజాయితీ గల పద్ధతి. మేమూ ఒక సాయంత్రం ఆడి చూశాం. నౌక కదిపిన ప్రతిసారీ ఎవరో ఒకరు వర్గమూలం తియ్యాలి. రెండో రౌండుకే పిల్లలు గాలిపటాల మీదకి పోయారు.

మరి మీరు చివరికి ఏం చేశారు?

సఖినేటిపల్లి రేవులో నిలబడితే వశిష్ఠ అవతలి ఒడ్డున నరసాపురం కనిపిస్తూనే ఉంటుంది. నది దాటించే పంటు నడిచే రోజున అది పక్క ఊరు. వరద వచ్చి పంటు ఆపేశారా, దిండి దాకా పోయి చించినాడ వంతెన ఎక్కి తిరిగి రావాలి. ఆ రోజుకి అది దూరపు ఊరు. నది వెడల్పు మారలేదు, ఊళ్ళు జరగలేదు. మ్యాప్‌లో ఆ రెండు ఊళ్ళూ ఎంత దగ్గరున్నాయి అన్నది ప్రయాణం చేసేవాడికి అక్కరలేదు, దారి ఉందా లేదా అన్నదే కావాలి.

యుద్ధం ఆట ఆడేవాడికీ అంతే. ఏ చుక్క నుంచి ఏ చుక్కకి ఒక్క దూకులో వెళ్ళొచ్చు అన్నది తెలిస్తే చాలు. కాబట్టి మేం చుక్కల చోటుని వదులుకుని దారుల్ని కాపాడుకున్నాం.

ముందు మూడు అంకెలతో ప్రతి జతకీ అసలు దూరం కట్టాం. ఒక హద్దు పెట్టుకుని, దాని లోపు ఉన్న జతలకే గీత. అక్కడితో ఆకాశంతో పని అయిపోయింది. ఆ తర్వాత థర్మాకోల్ షీటు మీద గుండుసూదులు గుచ్చి, గీత ఉన్న ప్రతి జతకీ దారం కట్టాం. మొదట సూదుల్ని ఎక్స్, వై ప్రకారమే గుచ్చాం. దారాలన్నీ చేపల వలలా చిక్కుపడ్డాయి. ఇక ఒక్కో సూదినీ పీకి, దారాలు ఒకదాని మీదుగా ఒకటి పోకుండా కాస్త కాస్త జరుపుతూ పోయాం. రెండు రాత్రులు పట్టింది. కొన్ని దారాలు ఎంత తంటాలు పడినా దాటుకుంటూనే ఉన్నాయి, వాటిని అలాగే వదిలేసి, దాటే చోట చిన్న వంతెన బొమ్మ వేశాం. ప్రతి గీత మీదా అసలు దూరం రాశాం. గీత పొడుగు అబద్ధమైనా దాని మీది అంకె నిజం.

కంప్యూటర్ వచ్చినవాళ్ళు ఇదే పని స్ప్రింగు పద్ధతిలో చేయిస్తారు. దారి ఉన్న చుక్కల మధ్య స్ప్రింగు లాగుతుంది, మిగతావి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, కాసేపటికి బొమ్మ స్థిరపడుతుంది. లండన్ మెట్రోకి హ్యారీ బెక్ గీసిన మ్యాప్ 1933లో అచ్చయింది. స్టేషన్ల అసలు చోటు వదిలేసి దేని తర్వాత ఏది అన్నదే చూపించాడు. ఆలోచన అదే.

హద్దు ఎంత పెట్టాలి?

ఆట రుచంతా ఇక్కడే ఉంది, కూరలో ఉప్పులాగా. ఆరు కాంతి సంవత్సరాలు పెడితే సూర్యుడి నుంచి రెండే దారులు: ఆల్ఫా సెంటారీ, బర్నార్డ్. అదే తొమ్మిది పెట్టారనుకోండి, వుల్ఫ్ 359, లాలాండ్ 21185, సిరియస్, లూటెన్ 726-8 కూడా చేరి ఆరు అవుతాయి (పూర్తి చుక్కలుగా ఎదగని గోధుమ మరుగుజ్జుల్ని లెక్కలోకి తీసుకోకుండా). హద్దు ఒకటిన్నర రెట్లు, దారులు మూడు రెట్లు. చదును నేల మీద పరిధి రెట్టింపు చేస్తే లోపల పట్టేది నాలుగు రెట్లు, అంతరిక్షంలో ఎనిమిది రెట్లు. అందుకే హద్దు కొంచెం పెంచగానే మ్యాప్ ఒక్కసారిగా గజిబిజి అవుతుంది.

మేం ఆరు దగ్గర ఆగాం. మీ ఆటలో మనుషులు ఎక్కువైతే ఏడు చూడండి. అంతకు మించి నేనైతే పోను.

ఇరుకు దారులు కాపలా కాయడం అంతరిక్షంలో అర్థం ఉన్న పనేనా?

ఖాళీ ఆకాశంలో లేదు. కోనసీమకి రాజమండ్రి వైపు నుంచి రోడ్డు మీద రావాలంటే జొన్నాడ దగ్గర గౌతమి వంతెన, తణుకు వైపు నుంచి అయితే సిద్ధాంతం దగ్గర వశిష్ఠ వంతెన. అక్కడ నలుగురు నిలబడితే చాలు. నీళ్ళు ఉన్నాయి కాబట్టి వంతెనకి విలువ వచ్చింది. అంతరిక్షంలో నీళ్ళు లేవు. కాపలా ఉన్న చోటు తప్పించుకుని పైనుంచో కిందనుంచో పోవచ్చు. ఒక్క దూకుకి ఇంత దూరమే అని హద్దు పెట్టగానే మనం నదులు తవ్వినట్టు. స్టెల్లారిస్ అనే అంతరిక్ష యుద్ధం కంప్యూటర్ ఆట 2016లో వచ్చినప్పుడు ప్రయాణానికి మూడు పద్ధతులు ఉండేవి. 2018లో మార్చేసి అందరినీ ముందే గీసిన దారుల మీదకి తెచ్చారు. అప్పట్లో చాలామందికి నచ్చలేదు. నాకైతే సరైన పనే అనిపించింది, సరిహద్దు అనే మాటకి అప్పుడే అర్థం వచ్చింది.

ఒకే రాశిలో ఉన్న చుక్కల్ని ఒకే రాజ్యంగా పెట్టొచ్చా?

పెట్టకండి. రాశులు మన వైపు నుంచి కనిపించే వరసలు మాత్రమే. పునర్వసు జంటలో ఒకటి 34 కాంతి సంవత్సరాల దూరం, రెండోది 51.

సప్తర్షులు మాత్రం కొంచెం వేరు. మధ్యలో ఉన్న అయిదుగురూ, అంటే పులహుడు, పులస్త్యుడు, అత్రి, అంగిరసుడు, వశిష్ఠుడు, ఇంచుమించు 80 కాంతి సంవత్సరాల దగ్గర కలిసికట్టుగా ఒకే వైపు కదులుతున్నారు, నిజంగానే చుట్టాలు. రెండు చివర్లలో ఉన్న క్రతువు సుమారు 123, మరీచి 104. వాళ్ళు ఊరికే వరసలో నిలబడ్డ బయటివాళ్ళు. గోదావరి పాయల్లోనూ వశిష్ఠ ఉంది, ఆత్రేయ ఉంది. పెద్ద సైజు మ్యాప్ చేసే ఓపిక ఉంటే ఈ అయిదుగురినీ ఒక రాజ్యం చెయ్యండి, ఎవరూ తప్పు పట్టలేరు.

రోహిణి, ఆరుద్ర, జ్యేష్ఠ ఎందుకు లేవు? మన పేర్లుంటే ఎంత బావుండేది!

మా నాన్నగారి ఫిర్యాదూ ఇదే. రోహిణి 65, స్వాతి 37, అభిజిత్ 25 కాంతి సంవత్సరాలు. ఆరుద్ర, జ్యేష్ఠ 500 చుట్టుపక్కల లేదా ఆ పైన. కార్తెల పేర్లున్న చుక్కల్లో ఇరవై లోపు ఇమిడేది శ్రవణం ఒక్కటే, 17. దగ్గరున్న చుక్కల్లో ఎక్కువ భాగం ఎర్ర మరుగుజ్జులు, అంటే చిన్న మసక చుక్కలు, వాటిలో ఒక్కటీ ఉత్త కంటికి కనపడదు. కనపడని వాటికి మన పెద్దలు పేర్లెలా పెడతారు? మేం కొన్నిటికి సొంతంగా లంకల పేర్లు పెట్టుకున్నాం. రాస్ 154కి ఎదుర్లంక.

జంట చుక్కల్ని ఎలా చూపించాలి?

ఒకే చుక్కగా. ఆల్ఫా సెంటారీలో పెద్దవి రెండూ, వాటికి 0.2 కాంతి సంవత్సరాల ఎడంలో ప్రాక్సిమా, మొత్తం ఒకే సూది. అన్నట్టు, పాత ఆటల మ్యాపుల్లో లూమన్ 16 కనపడకపోతే వాళ్ళది తప్పు కాదు. 6.5 కాంతి సంవత్సరాల దూరంలోనే ఉన్న ఆ గోధుమ మరుగుజ్జు జంట బయటపడిందే 2013లో.

చుక్కలు కదులుతాయి కదా, ఆట మధ్యలో దూరాలు మారవా?

మన ఆకాశంలో అందరికంటే హడావుడిగా జరుగుతున్నట్టు కనిపించేది బర్నార్డ్ చుక్క. అది కూడా మూడు వందల ఏళ్ళలో 0.15 కాంతి సంవత్సరమైనా జరగదు. మర్చిపోండి.

3డిలో చూపించే కంప్యూటర్ ఆటలున్నాయి కదా?

ఉన్నాయి. 2014 నాటి ఎలీట్ డేంజరస్‌లో నిజం చుక్కలు నిజం చోట్లలోనే ఉంటాయి. అందులో మీరు ఒక్క నౌక నడుపుతారు కాబట్టి నడుస్తుంది. యాభై చుక్కల మీద అయిదుగురు కొట్టుకునే ఆటలో తెరని తిప్పి తిప్పి చూస్తే ఏది ముందో ఏది వెనకో తెలియక తల తిరుగుతుంది. అరుగు మీద ఫ్లెక్సీ అయితే అందరూ ఒకేసారి వేలు పెట్టి చూపించి మరీ పోట్లాడుకోవచ్చు.

మ్యాప్‌లో ఉన్నవాటిలో మనకి కనిపించేవి ఏవి?

సిరియస్, ప్రోసియాన్ సంక్రాంతి రోజుల్లో రాత్రి డాబా మీంచి ఎవరికైనా కనిపిస్తాయి. చాలామంది చూడనిది ఆల్ఫా సెంటారీ. మన దగ్గర అది దక్షిణాన దిగంతం నుంచి పన్నెండు, పదమూడు డిగ్రీలకి మించి లేవదు. ఊళ్ళో అయితే కొబ్బరిచెట్లు అడ్డం. అంతర్వేది తీరానికి పొండి, దక్షిణాన సముద్రం తప్ప అడ్డం ఏమీ ఉండదు. మే నెలాఖరులో రాత్రి పదిన్నర ప్రాంతంలో, చెయ్యి చాచి పిడికిలి దిగంతం మీద ఆనిస్తే, దానికి కాస్త పైన మెరుస్తూ ఉంటుంది. దాని పక్కనే, కుడివైపున ఇంకో కాంతివంతమైన చుక్క కనిపిస్తుంది, అది చాలా దూరపుది, కలిపెయ్యకండి. నరసాపురం వైపు నుంచి వచ్చేవాళ్ళు ఆఖరి పంటు ఎన్నింటికో రేవులో ముందే కనుక్కోండి.